మాట వినని ఏడో నంబరు

ఆ రోజు ల్యాబులో ఆమె చేయాల్సిన పనులు నాలుగు. కణాలకు కొత్త ద్రవం పోయాలి. ఇంక్యుబేటర్ అడుగున నీళ్లు మార్చాలి. వాడేసిన సీసాలు కడగడానికి ఇవ్వాలి. మధ్యాహ్నంలోపు పరిశోధన పత్రికలో రాబోయే వ్యాసం చివరి ప్రతి చదివి, సరేనని సంతకం పెట్టాలి.

మొదటి రెండూ చకచకా అయ్యాయి. సీసాలు కడిగే పెద్దమ్మ ఇంకా రాలేదు కదా అని వ్యాసం తెరిచింది. ఏడో నంబరు బొమ్మ దగ్గర ఆగిపోయింది.

వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. ఐదేళ్లుగా ఆమె లోకమంతా అరోరా కైనేజ్‌లే. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరిసగం పంచిపెట్టే ప్రొటీన్ల కుటుంబం అది. ఆ పెద్దమనుషులే అదుపు తప్పితే పంపకం రచ్చరచ్చై కణితి పెరుగుతుంది. వాళ్ల చేతులు కట్టేసే మందు పనిచేస్తే, పరీక్షలో వాళ్ల జోరు చూపించే నల్లగీత మోతాదు పెరిగేకొద్దీ చెరిగిపోవాలి. ఏడో నంబరు రోగి కణాల్లో చెరగలేదు. మూడుసార్లు చేసినా అదే నలుపు.

వ్యాసంలో మాత్రం గీత బుద్ధిగా పలచబడి మాయమైంది. మొదటి గీత అంచున ఒక తెల్లచుక్క. దాన్ని ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. రెండేళ్ల కిందట వేరే కణాలతో చేసినప్పుడు, జెల్ మీద పొర పరుస్తూ తను వదిలేసిన గాలిబుడగ. అప్పుడు మోతాదులు కూడా తలకిందులుగా, కుడి నుంచి ఎడమకు పోసింది. ఆ బొమ్మనే అద్దంలో ముఖంలా తిప్పి ఇక్కడ అతికించారు.

తాగిన గ్లాసు అడుగున పురుగు కనబడ్డట్టయింది.

"సార్, ఇది ఏడో నంబరు కాదు," అంది ప్రొఫెసరుతో.

ఆయన టీలో ముంచిన బిస్కెట్టు సగం మీసానికే అంటుకుంది. "బొమ్మ శుభ్రంగా ఉంటుందని పెట్టాంలేమ్మా. నీ పట్టా కూడా దీని మీదే ఆగింది. పెట్టెయ్ సంతకం."

ఆమె కలం మూత తీసింది. తీసిన తన చేతిని చూసుకుంటే, ఆ మీసం కంటే ఎక్కువ రోత పుట్టింది. మూత పెట్టేసి బయటికొచ్చి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది.

సింకు దగ్గర సీసాల పెద్దమ్మ రోజూ అడిగేదే అడిగింది. "మా చెల్లి ఎట్లా ఉందే?"

ఏడో నంబరు పెద్దమ్మ చెల్లెలి కణితిలోదే. 'నన్ను తినే ముక్క ఇంకొకరికైనా పనికిరానీ' అని రాసిచ్చి, ఆర్నెల్లకు పోయింది.

"మొండిగా ఉంది పెద్దమ్మా. మందు మాట వినట్లేదు."

"బతికున్నప్పుడు మాత్రం ఎవరి మాట వింది గనక," సీసా బోర్లిస్తూ నవ్వింది పెద్దమ్మ. "వినట్లేదనే రాయి మరి."

ఆమె వెనక్కి వెళ్లి వ్యాసం ముందు కూర్చుంది. సంతకానికి బదులు తన మూడు నల్లబొమ్మలు జతచేసి, 'ఏడో నంబరుపై ఈ మందు పనిచేయలేదు. అచ్చుకిచ్చిన బొమ్మ దానిది కాదు' అని రాసి పత్రికకు పంపేసింది. పట్టా సంగతి ఇక ఆ మీసం దయ.

ఎప్పుడైనా ఆ ఫలితం అచ్చయితే, అందులో ఏడో నంబరు అని మాత్రమే ఉంటుంది. మీ కంటబడితే, ఎవరి మాటా వినని ఆ చెల్లెల్ని ఒక్కసారి తలచుకోండి.