మడిలో పలక

"పలక కడిగినావా? కడగకుండా వంటింట్లోకి తెచ్చినావంటే అంతా మైలే" అని గడప అవతల నుంచి అంబాబాయి అత్తయ్య రోజూ అడిగే మాటే అడిగింది. కడిగానన్నాను.

మడిచీర కట్టుకుని పొయ్యి ముట్టించాక నన్నెవరూ తాకకూడదు. కాగితం, పెన్ను, ఫోను నేను తాకకూడదు. నా కథలకు వాక్యాలు మాత్రం సరిగ్గా అప్పుడే వస్తాయి. చింతపండు పిసుకుతుంటే ఒకటి, పోపు వేస్తుంటే ఒకటి. ఆ తర్వాత నైవేద్యం, అందరి భోజనాలు, ఎంగిలాకులు ఎత్తడం, ఆఖర్న చల్లారిన నా అన్నం. అప్పుడు పెన్ను పట్టుకుంటే ఒక్కటీ గుర్తుండదు. బాగా రాయాలంటే పొద్దున్నే ప్రశాంతంగా కూర్చోవాలని వీడియోల్లో చెబుతుంటారు. వాళ్ళింట్లో ఉప్మా ఎవరు చేస్తారో చెప్పరు. నాకు ఒళ్ళు మండిపోతుంది.

చివరికి మా అమ్మాయి ప్రజ్ఞ పాత రాతిపలక దొరికింది. రాయి కాబట్టి కడిగితే మడే. అత్తయ్య కూడా కాదనలేకపోయింది. పలకలో చోటు తక్కువ, అందుకని పనికిరాని మాట ముందే చెరిగిపోతుంది. మిగిలినవాటిని కంఠతా పట్టి, మధ్యాహ్నం మడి విడిచాక కాగితం మీద పెడతాను. నేను రాసే పద్ధతి ఇదీ.

మా ఆయన శ్రీధర్ ఆదోనిలో తెలుగు మాస్టారు. నా కథలు ఆయనే ఫోనులో టైపు చేసి పత్రికలకు పంపుతారు. "నీకు భావం ఉంది అమృతా, భాషే లేదు" అంటారు. పోయినసారి నా కథలో కోడలు చెప్పులేసుకుని బయటికి నడిచింది. అచ్చులో చూస్తే అత్తగారి కాళ్ళకు మొక్కుతోంది. ఎమ్మిగనూరు నుంచి మా అక్క ఫోను చేసి, "ఎంత బాగ రాసినావే, ఏడుపొచ్చింది" అంది. నాకూ వచ్చింది. ఎందుకో అక్కకు చెప్పలేదు.

కొత్త కథ పంపడానికి ఈరోజే గడువు. మిగతా అంతా ఆయన ఫోనులోకి ఎక్కింది. చివరి వాక్యం ఒక్కటే పలక మీద ఉంది. బడికి బయల్దేరుతూ ఆయన గడప దగ్గర ఆగి, మెడ సాచి చదివారు.

"'ఆమె ఆకు వేసుకుని అందరికంటే ముందు తింది.' ఇదేం ముగింపు? అందరికీ పెట్టి తృప్తిగా తినింది అని మారుస్తా. ఇట్లా ఇయ్యి."

"మార్చొద్దండి."

"మన ఇంటి సంగతే అనుకోరా జనం? మఠంలో మా నాన్న తలెత్తుకుని తిరగాల్నా, వద్దా?"

ఆయన చెయ్యి గడప దాటింది.

"ముట్టుకోవద్దురా శ్రీధరా! మడి!" అత్తయ్య కేక పెట్టింది.

ఆయన చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది. తెలుగు మాస్టారైనా ఆ కేకకు ఇప్పటికీ భయమే. ఒక్క క్షణం నాకు ఊపిరాడింది. అంతలో ఆయన జేబులోంచి ఫోను తీశారు.

"సరే, ఫోటో తీసుకుంటా. అట్లే పట్టుకో."

పట్టుకుంటే మళ్ళీ కాళ్ళకు మొక్కించేస్తారు. తడిచేత్తో పలకంతా తుడిచేశాను.

"ఏం చేస్తివే! ఇప్పుడేం పంపాల?"

"మీరేమీ పంపొద్దండి. నాకు కంఠతా వచ్చు. మధ్యాహ్నం మొదట్నుంచి నా ఫోనులో నేనే కొట్టి పంపుకుంటా."

మాట పూర్తిగానే బయటికి వచ్చింది.

"నిండా తప్పులు పడతాయి."

"పోనీండి. నావే కదా."

ఆయన బండి తీసుకుని వెళ్ళిపోయారు. ఇక అత్తయ్య అందుకుంటుందని, పప్పు కలుపుతూనే చెవులు అటు పెట్టాను. ఆమె పత్తి ముందేసుకుని వత్తులు చేస్తోంది.

"ఏమే, ఆ కతలో ఆమె ముందే తింటాదా?"

"తింటుంది అత్తయ్యా."

ఆమె చేతిలో వత్తి ఆగిపోయింది.

"వేడిగానా?"

నా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె వేడన్నం తినడం నేను చూడలేదు. ఆ సంగతి కథలో పెట్టాలని నాకే తట్టలేదు. బలపం తీసుకుని వాక్యం మళ్ళీ రాశాను, 'ముందు' పక్కన 'వేడిగా' చేర్చాను. ఈ ఇంట్లో నా రాతకు ఒకరు చేసిన మొదటి దిద్దుబాటు అదే.