నీడ ఏ వైపు పడింది

నీడ తన వైపు పడేలా బొమ్మను తిప్పుకుంది డేగమ్మ. ఆ గదిలో ఎవరైనా చేసే మొదటి పని అదే. నిఘా ఉపగ్రహం పంపిన ఫోటోను ఉత్తరం పైకి పెట్టి చూస్తే కన్ను మోసపోతుంది. గుంత దిబ్బలా ఉబ్బుతుంది, దిబ్బ గుంతలా కుంగుతుంది. తలకిందులు చేసి, నీడను ఒళ్ళోకి లాక్కుంటే అప్పుడు నేల నిజం చెబుతుంది.

ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. పొట్టి మనిషి. ఎడమ కన్ను సగం మూసి చూసీ చూసీ ఆ వైపు నుదురంతా ముడతలు పడింది. తలుపు దగ్గరి యంత్రం కూస్తుందని చెవిపోగులు ఎప్పుడో తీసేసింది. కిటికీ లేని గది. చలి మనుషుల కోసం కాదు, యంత్రాల కోసం. ఫోన్లు బయట పెట్టెలో పెట్టి రావాలి. ఇంట్లో బట్టలు కుట్టే చెల్లెలికి తెలిసిందల్లా అక్క మ్యాపుల ఆఫీసులో పని చేస్తుందని. ఆ పొద్దున కూడా మిషను తొక్కుతూ అంది.

"లోకం మ్యాపులన్నీ గీస్తావు. కళ్ళజోడు నీ నెత్తి మీదే ఉందని మాత్రం నేను చెప్పాలి."

"నెత్తి మా డిపార్టుమెంటు కాదే."

సరిహద్దు అవతల, ఎండిన వాగు పక్కనున్న ఊరు ఆమె వంతు. ఏళ్ళ తరబడి చూస్తోంది. ముఖం ఒక్కటీ చూడలేదు. మనిషంటే ఒక చుక్క, చుక్కకు తోకలా నీడ. శత్రువు ఊరే. అక్కడ ట్యాంకులు కదిలితే మొదట చెప్పాల్సింది ఆమే. ఒకసారి చెప్పింది కూడా, ఇవతలి సైనికులు బతికి బయటపడ్డారు. దేశభక్తి గురించి ఆమెకు ఎవడూ పాఠం చెప్పనక్కర్లేదు.

ఇవాళ వాగు ఇసుకలో కొత్తగా గుంతలు కనబడ్డాయి. ఒక్కో గుంత దాకా ఇళ్ళ నుంచి కాలిబాట, నడిచి నడిచి తెల్లబడింది. లారీ చక్రం గీత ఒక్కటీ లేదు. వాన లేక వాగు తవ్వుకుంటున్నారు. "నీటి గుంతలు" అని రాసి సంతకం పెట్టింది.

సెక్షన్ పెద్ద వచ్చి కుర్చీ లాక్కున్నాడు. ఆమెకంటే చిన్నవాడు. ఆమె పక్కన కూర్చునే పని నేర్చుకున్నాడు. నలుగురిలో మేడమ్ అంటాడు, చెవి దగ్గర అక్కా అంటాడు.

"అక్కా, అవి దిబ్బలు."

"నీడ చూడు తమ్ముడూ."

"చూశాను. గుంతలే, నాకు మాత్రం తెలీదా?" గొంతు తగ్గించాడు. "పైన పెద్దాయన ఉత్తరం పైకి పెట్టి చూశాడు. మట్టి కప్పిన ఆయుధాల కొట్లని మీటింగులో అనేశాడు. విమానాలు సిద్ధంగా ఉన్నాయి. దిబ్బలని నేను సంతకం పెట్టేశాను. ఇంక నువ్వు రాసింది మార్చి సంతకం పెట్టాలి."

రెండు జతల కళ్ళు విడివిడిగా చూసి ఒకే మాట అనకపోతే ఏ బొమ్మను బట్టీ విమానం లేవదు. యుద్ధాలు చేసేవాళ్ళు పెట్టుకున్న నియమాల్లో మనిషి బుద్ధి కనబడేది ఆ ఒక్కదానిలోనే.

"ఆయన్ని కూడా తిప్పి చూడమను."

"ఎవరు చెప్తారు? నువ్వా?"

"తీసుకెళ్ళు, చెప్తాను."

అతను నవ్వలేదు. "రిటైర్మెంటు దగ్గర పడింది. సంతకం పెట్టేసి ఇంటికెళ్ళక్కా. బాంబు వేసేది నువ్వు కాదుగా."

"వేసేవాడికి చోటు చూపించేది నేనేగా. నీళ్ళు తోడుకునే ఆడవాళ్ళ మీద వేయించమంటావు."

"వాళ్ళు మనవాళ్ళు కారు."

"అందుకేగా ఉపగ్రహంతో చూస్తున్నాం. మనవాళ్ళయితే కిటికీలోంచి చూసేవాళ్ళం."

"పెట్టకపోతే ఈ గదిలో ఉండనివ్వరు."

"ఉండను. ఆయన నోట్లోంచి ఊడిపడ్డ మాటను నిజం చేయడానికా ఆకాశంలోకి కన్ను పంపింది? ఆ మాత్రానికి గోడ మీద బొగ్గుతో గీసుకుంటే సరిపోయేది."

భయం లేక అనలేదు. పింఛను పోతుంది, ఇల్లంతా చెల్లెలి కుట్టుమిషను మీద పడుతుంది. అయినా కలం అందుకుంది. అదే మాట, "నీటి గుంతలు" అని, ఇంకోసారి పెద్ద అక్షరాలతో రాసి కింద సంతకం గీకింది.

అతను లేచి నిలబడ్డాడు. గది మొత్తానికి వినబడేలా అన్నాడు. "మేడమ్, మీ పాసు గేటు దగ్గర ఇచ్చేసి వెళ్ళండి."

"అలాగే సార్."

ఎవరూ తల ఎత్తలేదు. ఆమె తలుపు దాకా నడిచేలోపే సెక్షన్ పెద్ద ఆ బొమ్మను పక్క సీటులోని గొణుగుడు తాత ముందు పెట్టాడు. తాత కూడా బొమ్మలు చదివేవాడే. టీ మీదా చలి మీదా తప్ప దేని మీదా నోరు మెదపగా ఎవరూ వినలేదు.

"మీరు చూడండి. జాగ్రత్తగా చూడండి."

తాత కళ్ళజోడు ముక్కు మీదికి దించి, తొందర లేకుండా బొమ్మను తలకిందులుగా తిప్పాడు. "టీ చూస్తే కుడితి, చలి చూస్తే చావు, పైగా ఇదొకటి," అని గొణిగాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"గుంతలండీ. నీళ్ళవి."

డేగమ్మ వెనక్కి తిరగలేదు. తలుపు మూసుకుంది. బయట ఎండ కాస్తోంది.

లోపల ఆమె కుర్చీ వీపున ఊదారంగు స్వెటరు వేలాడుతోంది. దాని చేతులు మోచేతుల దగ్గర అరిగి, సాగి, బల్లకు ఆనించుకున్నట్టు ఇంకా వంగే ఉన్నాయి.