డాక్టరు ముందు కుర్చీ

మొదటిసారి వికారాబాద్ ఆస్పత్రికి పోయినప్పుడు నాగరాణి చేతిలో మందుల ఫైలు ఉంది, అత్త గోవిందమ్మకు గొట్టంతో తగిలించిన యూరిన్ సంచి ఉంది. డాక్టరు ఎదుటి కుర్చీ మాత్రం భర్త విజయ్‌కుమార్‌ది. మాటా ఆయనదే.

"యూరిన్ ఎట్ల వస్తుంది?" అని డాక్టరు అడిగితే, "అంతా మంచిగనే ఉంది సార్" అన్నాడు, ఆ సంచిని ఏనాడూ ముట్టనివాడు. అది మడ్డిగా, కంపు కొడుతూ వస్తోందని నాగరాణికి తెలుసు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి అత్తను కడిగేదీ తుడిచేదీ ఆమే. కానీ అత్త మూత్రం సంగతి మగవాళ్ల ముందు కోడలు ఎట్లా ఎత్తుతుంది? మర్నాడే గోవిందమ్మ చలిజ్వరంతో వణికిపోయింది. మళ్లీ ఆస్పత్రి, సెలైన్లు, సూదులు.

"ముందే చెప్పొద్దా?" అని విజయ్‌కుమార్ ఆమె మీదే లేచాడు.

తాండూరులో తమ కందిపప్పు దుకాణంలో కూర్చుని నాగరాణి లెక్క వేసుకుంది. పప్పు పుచ్చిందో తడిసిందో ముక్కిందో పేరు పెట్టి చెప్పకుండా తను ఏ బేరమూ చేయలేదు. ఇక్కడ మాత్రం సిగ్గు తనది, జ్వరం అత్తది. ఇంత నష్టపు బేరం ఇంకొకటి ఉంటుందా?

ఆ ఆస్పత్రి నర్సు నిరోషాకు ఫోన్ చేసి, ఏమేం చూడాలో, డాక్టరుకు ఏమని చెప్పాలో అడిగి తెలుసుకుంది. అత్తను పక్కకు తిప్పుతూ ఆ మాటలు పైకే అనుకునేది: చీము, వాపు, పడక పుండు, పొరపోవడం.

"నా ఉచ్చ ముచ్చట ఊరంత చాటుతవా ఏందే?" అంది గోవిందమ్మ.

"ఊరికి కాదత్తమ్మా, డాక్టరుకు. చెప్పకుంటే మళ్ల సూదులే."

సూదులనగానే గోవిందమ్మ మెత్తబడింది. "అయితే అన్నీ చెప్పు. నీళ్లు తాగితే దగ్గొస్తది గద, గది గూడ."

తర్వాతిసారి ఆస్పత్రిలో డాక్టరు అడగగానే విజయ్‌కుమార్ అలవాటుగా "అంతా మంచిగనే..." అని మొదలుపెట్టాడు.

"నీకేం తెల్సురా?" అంది చక్రాల కుర్చీలోంచి గోవిందమ్మ. "ఒక్కనాడన్న నా పక్కబట్ట మార్చినవా? లే, దాన్ని కూసోనియ్యి."

నాగరాణి కూర్చుంది. దుకాణంలో పలికినట్టే పలికింది.

"యూరిన్ తేటగ వస్తుంది సార్, వాసన లేదు. నడుము కింద తోలు ఎర్రబడ్డది, పుండు కాలే. నీళ్లు మింగితే పొరపోతుంది."

డాక్టరు కలం ఆపి ఆమె వైపు తిరిగాడు. "అన్నం తింటే గూడ పొరపోతుందా అమ్మా?"

"లేదు సార్, పల్చటివి తాగితేనే."

తాండూరుకు తిరిగొస్తుంటే కారులో ఫైలూ సంచీ విజయ్‌కుమార్ చేతుల్లో ఉన్నాయి. సంచి ఎత్తుగా పట్టుకుంటే మూత్రం వెనక్కి పోతుందని తల్లి తిడుతోంది. నాగరాణి కిటికీ పక్కన హాయిగా వెనక్కి వాలింది. పోయేటప్పుడు లేని రెండు ఇప్పుడు ఆమెకున్నాయి: కుర్చీ, మాట. ఆ రెండూ ఇక వెనక్కి ఇచ్చేది లేదు.