కాసులే కోసం వంగే బురుజు

కార్కసోన్ కోట లోపల మధ్యాహ్నం పన్నెండు కొట్టేసరికి అర్మాందీన్ తన హోటల్ కిటికీ బార్లా తెరుస్తుంది. ఎదురుగా ఉన్న పాత బురుజు నడుం వంచి, ఆమె అప్పుడే దింపిన కాసులే అనే కూర వాసన గుండెల నిండా పీల్చుకుని మళ్ళీ నిటారుగా నిలబడుతుంది. ఆ కాసేపూ వీధిలోవాళ్ళు ఆరేసిన బట్టలు పక్కకి జరుపుకుంటారు. తెల్ల చిక్కుడు గింజలూ బాతు మాంసమూ మట్టి మూకుట్లో పొద్దుటినుంచీ ఉడుకుతుంటే ఏ బురుజుకైనా నోరూరదూ!

ఇంకెవరి వంటకీ అది వంగిన పాపాన పోలేదు. అందుకే కూతురు నొయేలీ తులూజ్ కుర్రాడు ఫిర్మేన్‌ని చేసుకుంటానంటే అర్మాందీన్ ఇంతెత్తున లేచింది.

"తులూజ్ వాడా! వాళ్ళకి కాసులే వండటం వచ్చటే?"

"నీకంటే బాగా వండుతాడమ్మా."

"అలాగా! వాడి వంటకి బురుజు వంగితే పెళ్ళి. లేదంటే ఆ మూకుడుతో సహా రైలెక్కించు."

ఆదివారం ఫిర్మేన్ వండాడు. పన్నెండు కొట్టగానే మూకుడు కిటికీలో పెట్టాడు. పైన బంగారు రంగులో మందంగా పొర కట్టింది. బురుజు కదల్లేదు. నొయేలీ కళ్ళు చెమర్చాయి. ఫిర్మేన్ మెల్లగా నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పుకున్నాడు.

అర్మాందీన్ నోరు మూసుకుంటే చాలు, పందెం ఆమెదే. కానీ ఆమె చూపంతా ఆ పొర మీదే ఉంది.

"ఏమయ్యా, ఉడుకుతున్నప్పుడు పొర చిదిమి లోపలికి నొక్కలేదేం?"

"అంత అందంగా కడితే మనసొప్పలేదండీ."

"గోడకి తగిలించుకుంటావా, తింటావా?"

ఇక ఆమె చెయ్యి ఆగలేదు. గరిటె లాక్కుని పొరని ఫెళ్ళున చిదిమేసింది. గుప్పుమని ఆవిరితో పాటు వాసన లేచింది. బురుజు మూలిగి వంగింది. ఎన్నడూ లేనంతగా వంగి తల కిటికీలో దూర్చేసింది. దాని పావురాలు వంటింట్లోకొచ్చి పడ్డాయి.

"చిదిమింది మీరు కదండీ," అన్నాడు ఫిర్మేన్, తల దించుకుని. "ఇది నా గెలుపు కాదు."

అర్మాందీన్ ఒక గరిటెడు తిని చూసింది. తన వంటకి బురుజు ఏనాడూ ఇంత కిందికి వంగలేదన్న ఉక్రోషం ఉంది. అంతకంటే ఎక్కువగా, చాలాకాలానికి ఇంకొకరు వండిన రుచికి కడుపు చల్లబడింది.

"వండింది నువ్వేగా. రేపట్నుంచి నువ్వు వండు, చిదమడం నాకొదిలెయ్."

"అలాగేనండీ."

"ఇంకా అండీ ఏమిటి? అత్తయ్యా అను."

మూకుడు ఖాళీ అయ్యేదాకా బురుజు ఆ రోజు తల తియ్యలేదు.