గౌరీబాయి చూపించిన ఇల్లు

మెసేజ్ పొద్దున తొమ్మిదింటికి వచ్చింది. మౌనిక రెండుసార్లు చదివింది. స్కాలర్‌షిప్ దరఖాస్తు తిరస్కరించారు. కారణం: సొంత స్లాబు ఇల్లు, ఫ్రిజ్జు, సోఫా.

ఆ పిల్ల కూర్చున్నది రేకుల కింద. వాన పడితే మంచాలు ఎటు జరపాలో ఇంట్లో అందరికీ తెలుసు. ఫ్రిజ్జు దాకా ఎందుకు, ఉన్న కుర్చీలే రెండు, అందులో ఒకటి గోడకు ఆనిస్తేనే నిలబడుతుంది.

"యాడీ," అని తల్లిని పిలిచింది. తండాలో తల్లిని అట్లాగే పిలుస్తారు. "స్కాలర్‌షిప్ సార్ మనింటికి వచ్చిండా?"

గౌరీబాయి పొయ్యి ముందు నుంచి కదలలేదు. "వచ్చిండు. నువ్వు సర్టిఫికెట్ల కోసం సూర్యాపేట పోయిననాడు."

"ఏడ కూసోబెట్టినవ్?"

పెనం మీద రొట్టె మాడుతోంది. గౌరీబాయి తిప్పలేదు.

"మీ పెద్దమ్మోళ్లింట్ల."

పక్కనున్న స్లాబు ఇల్లు ఆమె తోడికోడలు నీలాది. నీలా భర్త బస్సు డ్రైవర్. ఆ రోజు వాళ్లు పెళ్లికి పోతూ తాళంచెవి గౌరీబాయికి ఇచ్చిపోయారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన బ్యాగుతో వచ్చిన మనిషిని వంగి తన గుడిసెలాంటి ఇంట్లోకి రమ్మనడానికి ఆమెకు మనసొప్పలేదు. తాళం తీసింది. ఫ్యాన్ వేసింది. ఫ్రిజ్జులోంచి చల్లటి నీళ్లిచ్చింది. "ఇల్లు మీదేనా అమ్మా?" అని ఆయన అడిగితే తల ఊపింది.

"ఎందుకు ఊపినవ్ యాడీ?"

"మంచి ఇల్లు సూస్తే మంచి పిల్ల అనుకుంటడనుకున్న. సంబంధానికచ్చినోళ్లు ఇల్లు సూసినంకనే గదా మాట్లాడేది!"

"అయి లేనోళ్లకిచ్చే పైసలు!"

"నాకేం ఎరుక?"

మౌనికకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంటర్ మార్కుల మీద కోదాడలో నర్సింగు సీటు వచ్చింది. నెలాఖరులోగా ఫీజు కట్టకపోతే అది ఇంకొకరికి పోతుంది. తండ్రి తులసీరాం మార్కెట్ యార్డులో బస్తాలు మోస్తాడు. ఆ సంపాదన తిండికే చాలదు.

"నడువు, మిర్యాలగూడ ఆఫీసుకు పోదాం."

"నేనెందుకే? నువ్వు పోయి జెప్పు."

"నేను జెప్తే ఎవరు నమ్ముతరు? ఇల్లు సూపించింది నువ్వు."

గడపలో నిలబడి నీలా అంతా విన్నది. "ఓహో, నా సోఫా మీద దర్జాగ కూసున్నవా? ఇంటిపన్ను గూడ నువ్వే కట్టరాదూ!"

గౌరీబాయికి తల కొట్టేసినట్టయింది. నీలా మాత్రం విసురుగా తన ఇంట్లోకి పోయి, పన్ను రసీదుతో తిరిగొచ్చి మౌనిక చేతిలో పెట్టింది. "సూపించు. మీ పెద్దనాయిన పేరే ఉంటది. జర భద్రం, మళ్ల తేవాలె."

స్కాలర్‌షిప్ ఇచ్చే ట్రస్టును మిర్యాలగూడ రైసుమిల్లుల వాళ్లు నలుగురు కలిసి నడుపుతున్నారు. ఆఫీసు మేడ మీద. ఇంటికొచ్చి చూసిపోయిన శివకుమార్ బల్ల వెనక ఉన్నాడు. కోదాడ మనిషి, మాట మెత్తన. బెంచీల మీద ఇంకో ఏడెనిమిది మంది.

"రిజెక్టయ్యాక ఆ ఇల్లు మాది కాదనే అంటారండీ అందరూ," అన్నాడు. రసీదు అటూ ఇటూ తిప్పాడు. "పేరు మీ బావగారిదే. కానీ అంతా కలిసి ఉంటున్నారేమో, నాకెలా తెలుస్తుంది?"

మౌనిక నోరు తెరవబోయింది. గౌరీబాయి కూతురి మోచెయ్యి పట్టి ఆపి, తను ముందుకొచ్చింది.

"సారూ, నేను అబద్ధమాడిన."

బెంచీల మీది వాళ్లంతా తిరిగి చూశారు. ఆమె ఆగలేదు.

"మా ఇంట్ల మిమ్ముల కూసోబెట్ట సిగ్గయింది. ఉన్నది దాసి లేదన్నోళ్లను మస్తుమందిని సూసి ఉంటరు. నేను లేనిది సూపించి ఉన్నదన్న. దొంగబుద్ధి ఉంటే గిట్ల జేస్తనా?"

వెనక ఎవరో ఫక్కున నవ్వారు. శివకుమార్ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఈ వారంలో మీ తండా ఉన్న చివ్వెంల వైపు వస్తానమ్మా. ఏ రోజో, ఎన్నింటికో చెప్పను."

"చెప్పొద్దు సారూ. జెప్తే మళ్ల సర్దబుద్ధయితది."

మూడోరోజు పొద్దున ఏడింటికే వచ్చాడు. వంగి లోపలికి వచ్చాడు. రేకుల ఫొటో తీశాడు, పొయ్యి ఫొటో తీశాడు. దూలానికి వేలాడుతున్న యూరియా సంచీ చూపించి అదేమిటన్నాడు.

"నా పుస్తకాలు సార్. కింద పెడితే తడుస్తయి," అంది మౌనిక.

మంచం మీద చెదిరిన దుప్పటి మడత పెట్టాలని గౌరీబాయి చేతులు ఊరుకోవడం లేదు. మౌనిక కళ్లెర్రజేసింది. గౌరీబాయి వాటిని కొంగులో దాచుకుంది.

"రాసేది నేను. ఇచ్చేది కమిటీ," అన్నాడు శివకుమార్ బయటికొస్తూ.

"కమిటీ ఎప్పుడు సార్?"

"గురువారం. మిమ్మల్ని పిలవరమ్మా."

"పిలువకున్నా వస్తం," అంది గౌరీబాయి. "మెట్ల మీద కూసుంటం."

అన్నట్టే గురువారం పది నుంచి ఇద్దరూ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ పక్కకు తప్పుకుని పోయారు. మూడు దాటాక శివకుమార్ కిందికి వచ్చాడు.

"ఒప్పుకున్నారు. పాసవుతున్నన్నాళ్లు ఏటా ఫీజు ట్రస్టే నేరుగా కాలేజీకి కడుతుంది. హాస్టలు ఖర్చు మాత్రం ఇవ్వలేమన్నారు."

మౌనిక ముఖం వెలిగింది, అంతలోనే వాడింది. కోదాడకు రోజూ పోయి రావడం కుదరదు. ఏం చేద్దామని తల్లి వైపు తిరిగింది. గౌరీబాయి అప్పటికే లేచి చీర దులుపుకుంటోంది.

"కోదాడ బస్సు ఏడ ఆగుతది సారూ?"

"ఇప్పుడు కోదాడ ఎందుకమ్మా?"

"ఆ హాస్టల్ల రొట్టెలు చేసే మనిషి గావాలేమో అడుగుత. లేకుంటే అంట్లు తోముత. పా మౌనికా, ఆళ్లు ఆఫీసు మూయకముందే పోవాలె."