మడమ కింద వేడి

బట్టీ మేస్త్రి ఆ గదిలోకి ఆలస్యంగా వచ్చాడు. రావడం ఇష్టం లేని మాట నిజమే గానీ, ఆలస్యానికి కారణం అది కాదు. రొట్టెలు మళ్ళీ మాడాయి. మాడినవాటిని గోనెలో నింపి పెరటి గోడ వార పెట్టేసరికి పొద్దెక్కింది.

ఆస్పత్రి వెనక, మందుల అట్టపెట్టెలు పేర్చుకునే కొట్టు పక్కన ఒక పొడుగాటి గది ఉంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళను వారానికోసారి అక్కడ గుండ్రంగా కూర్చోబెట్టి నర్సమ్మ మాట్లాడిస్తుంది. పాఠం చెప్పదు, మాట్లాడిస్తుంది. ఆ తేడా మేస్త్రికి మొదటి వారంలోనే తెలిసింది. బడిలో అయితే వెనక బల్ల మీద కూర్చుని తప్పించుకోవచ్చు. గుండ్రంగా వేసిన కుర్చీల్లో వెనక బల్ల ఉండదు.

ఖాళీగా ఉన్నది ఒకే కుర్చీ. దాని పక్కన కట్టెల షావుకారు కూర్చుని ఉన్నాడు. అతను ఆ వారమే కొత్తగా చేరాడు. మేస్త్రి కూతురు అతని కోడలు. అంటే ఇద్దరూ వియ్యంకులు. చలి తగ్గినప్పటి నుంచి ఎడమొహం పెడమొహంగా ఉంటున్న వియ్యంకులు.

గొడవంతా బట్టీ దగ్గర మొదలైంది.

మేస్త్రి బట్టీని చూసేది కళ్ళతో కాదు, అరికాళ్ళతో. బట్టీ మూతి ముందు ఒక రాతి పలక ఉంది. లోపలి నేలా, బయటి పలకా ఒకే రాయి. కట్టెలు కాలాక నిప్పులు బయటికి లాగి, తడి గోనెతో లోపల తుడిచి, మేస్త్రి చెప్పులు విడిచి ఆ పలక మీద నిలబడతాడు. మడమ కింద చురుక్కుమంటే బట్టీ ఇంకా కోపంగా ఉన్నట్టు. ఆ చురుకు దిగి గోరువెచ్చన అయ్యాక రొట్టెలు పెట్టాలి. మేస్త్రికి పని నేర్పిన ముసలాయన అలాగే నిలబడేవాడు. చూసేవాళ్ళకి అది పనిలా కనిపించదు, ఎవరో మనిషి ఏదో మర్చిపోయి నిలబడ్డట్టు ఉంటుంది. ఆ నిలబడ్డం మీదే దుకాణానికి అంత పేరు.

చలి తగ్గే రోజుల నుంచి రొట్టెలు అడుగు మాడడం మొదలైంది. మేస్త్రి ముందు పిండిని తిట్టాడు. పిండి మార్చినా మాడాయి. ఆ తర్వాత కట్టెల మీద పడ్డాడు. ఒకరోజు పొద్దున, రొట్టెలు కొనుక్కునేవాళ్ళు వరసలో నిలబడి ఉండగా, బండి దింపుతున్న షావుకారుతో అనేశాడు.

"మీ కట్టెలు మోసం చేస్తున్నాయి బావగారూ. పైకి చల్లగా ఉంటాయి, లోపలంతా మంట."

షావుకారు దింపిన కట్టెలు మళ్ళీ బండికెత్తుకుని వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి మేస్త్రి కూతురు పుట్టింటికి వెనక సందులోంచి వస్తోంది. ముందు వీధిలో మామగారి కట్టెల అడితి ఉంది మరి.

కట్టెలు ఇంకో చోటి నుంచి తెచ్చారు. అవీ మాడ్చాయి. ఊళ్ళో కట్టెలన్నీ ఒక్కసారే చెడిపోయాయా అని భార్య అడిగింది. మేస్త్రి విననట్టు ఊరుకున్నాడు. కొడుకు మాత్రం ఊరుకోలేదు. "ఈ నెలాఖరు దాకా చూద్దాం నాన్నా. ఆ తర్వాత నువ్వు గల్లాలో కూర్చో, నేను కరెంటు బట్టీ తెస్తా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. తిట్టి ఉంటే మేస్త్రికి ఇంకాస్త బాగుండేది. బట్టీ దిగి గల్లాలో కూర్చుని చిల్లర ఇవ్వడమంటే అతని లెక్కలో ఊపిరి ఉండగానే ఫొటోకి చట్రం కట్టించుకోవడం.

ఇప్పుడు నెలాఖరు ముంచుకొచ్చింది. మేస్త్రి కుర్చీ అంచున, వియ్యంకుడి వైపు వీపు కొంచెం తిప్పి కూర్చున్నాడు.

నర్సమ్మ ఒక్కొక్కరినీ వారం ఎలా గడిచిందని అడుగుతోంది. హారన్ తాత వంతు వచ్చింది. ఒకప్పుడు బస్సు నడిపిన మనిషి, గొంతు ఇప్పటికీ ఇంజను మీదుగా వినబడేలా ఉంటుంది. వారమంతా నోరు కట్టేసుకున్నాననీ, అయినా చక్కెర దిగలేదనీ, మిషనే చెడిపోయి ఉంటుందనీ చెప్పాడు. నర్సమ్మ తలూపింది.

"మరి చొక్కా మీద ఆ పొడి ఏంటి తాతా?"

తాత దులుపుకున్నాడు. బిస్కెట్టు పొడి. "మేస్త్రి అమ్మకపోతే నేను తినేవాణ్ణా?" అన్నాడు. గదంతా నవ్వింది. షావుకారూ నవ్వాడు. ఆ నవ్వు వినబడి మేస్త్రి వీపు ఇంకాస్త తిప్పాడు.

ఆ రోజు విషయం పాదాలు. ఈ జబ్బు చాలా ఏళ్ళు ఒంట్లో ఉంటే కాళ్ళలో స్పర్శ మెల్లగా పోతుందనీ, పోయినట్టు మనిషికి తెలియదనీ నర్సమ్మ చెప్పింది. తర్వాత పక్కపక్క కుర్చీల వాళ్ళను జత చేసి, ప్రతి జతకీ ఒక చిన్న అద్దం, పుల్లకి గుచ్చిన బిరుసైన నైలాన్ దారం ముక్క ఇచ్చింది. ఒకరు కళ్ళు మూసుకోవాలి. రెండోవారు వాళ్ళ అరికాలికి దారం ఆనించి, అది వంగేదాకా నొక్కాలి. తగిలినప్పుడల్లా "ఆఁ" అనాలి. అంతే.

వియ్యంకులిద్దరూ ఆ దారం వైపు చూశారు. పిల్లల పెళ్ళిలో కూడా అంత దగ్గరగా కూర్చున్నవాళ్ళు కాదు.

ముందు షావుకారు కాలు చాపాడు. మేస్త్రి ఇటు అటు చూసి, దారం ఆనించాడు. "ఆఁ" అన్నాడు షావుకారు. ఇంకో చోట ఆనించాడు. "ఆఁ." వేళ్ళ సందులో పెట్టేసరికి చక్కిలిగింత పుట్టి కాలు వెనక్కి లాక్కున్నాడు. అతని కాళ్ళు బాగానే ఉన్నాయి.

తర్వాత మేస్త్రి కళ్ళు మూసుకుని కాలు చాపాడు. కూర్చున్నాడు. పక్క జతల్లోంచి ఆఁ ఆఁ అని వినబడుతోంది. హారన్ తాత ఆఁ అంటే కిటికీ అద్దం అదిరింది. మేస్త్రి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు.

కాసేపటికి షావుకారు దగ్గరగా వంగి గొంతు తగ్గించి అన్నాడు.

"బావగారూ, నా మీద కోపముంటే బయట చూసుకుందాం. ఇక్కడ నర్సమ్మ రాసుకుంటోంది. ఆఁ అనండి."

"మీరు మొదలుపెడితే కదా అనేది" అన్నాడు మేస్త్రి, కళ్ళు తెరవకుండానే.

"మొదలుపెట్టి చాలాసేపయింది."

మేస్త్రి కళ్ళు తెరిచాడు. దారం అతని మడమ మీద విల్లులా వంగి ఉంది. వంగడం కనిపిస్తోంది. తగలడం లేదు. ఆ కాలు ఇంకెవరిదో అయినట్టు దాని వైపే చూస్తూ ఉండిపోయాడు.

షావుకారు అద్దం తీసి మడమ కింద పెట్టాడు. అంచున ఒక బొబ్బ పగిలి, చుట్టూ చర్మం గోధుమరంగుకి తిరిగి ఉంది.

"ఇదెప్పుడు కాలింది?" అన్నాడు షావుకారు.

మేస్త్రికి బట్టీ ముందరి పలక గుర్తొచ్చింది. రాయి రోజూ చురుక్కుమంటూనే ఉంది. చురుకు తెలియలేదు కాబట్టి తను అది దిగిపోయిందనుకున్నాడు. కోపంగా ఉన్న బట్టీలోకి రోజూ రొట్టెలు తోస్తూ వచ్చాడు. కట్టెలు ఏ పాపమూ ఎరగవు. ఆ మాట చెప్పాల్సిన మనిషి ఎదురుగా అద్దం పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

నర్సమ్మ వచ్చి బొబ్బకి కట్టు కట్టింది. పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చనీ, మిగిలింది కాపాడుకోవాలంటే చక్కెర అదుపులో పెట్టుకోవాలనీ, రోజూ సాయంత్రం అద్దంలో పాదాలు చూసుకోవాలనీ, ఒట్టికాళ్ళతో ఇంట్లో కూడా తిరగొద్దనీ చెప్పింది. బట్టీ దగ్గర అసలే వద్దంది.

"చెప్పులేసుకుంటే బట్టీ ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాడు మేస్త్రి. అతను ఆ గదిలో అంత పొడుగు మాట అనడం అదే మొదలు.

"అది నాకు తెలీదు మేస్త్రిగారూ. మీ పని మీకే తెలుసు. వచ్చే వారంలోగా మీరేం చేయగలరో మీరే చెప్పండి."

అక్కడి పద్ధతి అదే. చివర్లో ప్రతి ఒక్కరూ తమకి తామే ఒక చిన్న పని పెట్టుకోవాలి, దాన్ని అందరి ముందూ పైకి చెప్పాలి. హారన్ తాత బట్టీకి బస్సు మీటరు బిగించమని సలహా ఇచ్చాడు. పాత బస్సు ఎక్కడుందో తనకి తెలుసునట. నర్సమ్మ ఆయన్ని ఆయన బిస్కెట్ల సంగతి చూసుకోమంది. చివరికి మేస్త్రి కట్టు వైపు చూస్తూ అన్నాడు.

"చెప్పులేసుకుని ఒక బట్టీ కాలుస్తాను."

తర్వాత షావుకారు వంతు. రోజూ పొద్దున నడుస్తానని చెప్పాడు.

"ఎక్కడిదాకా?" అంది నర్సమ్మ. ఊరికే నడుస్తానంటే ఆమె ఒప్పుకోదు.

"మా బావగారి బట్టీ దాకా" అన్నాడు షావుకారు, గోడ వైపు చూస్తూ.

ఇంటికెళ్ళాక మేస్త్రి భార్యకి మాత్రం చెప్పాడు. ఆమె కట్టు విప్పకుండా పైనుంచే తడిమి చూసింది. ఏడుస్తుందేమోనని అతను భయపడ్డాడు. ఏడవలేదు.

"మా నాన్న పిండి చల్లి చూసేవాడు" అంది.

ఆమె పుట్టింట్లోనూ బట్టీ ఉండేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఈ మాట ఒకసారి చెబితే, కళ్ళతో చూసి కాల్చడం కూడా ఒక పనేనా అని అతను నవ్వాడు. ఆమె మళ్ళీ ఎత్తలేదు. ఇన్నేళ్ళూ కడుపులో దాచుకుని, ఇప్పుడు ఉప్పు గిన్నె అందించినట్టు మామూలుగా అంది.

"ఇంకోసారి చెప్పు" అన్నాడు మేస్త్రి.

చెప్పింది. నిప్పులు లాగేశాక గుప్పెడు పిండి లోపలి రాయి మీద చల్లాలి. పడ్డ వెంటనే నల్లబడితే ఆగాలి. మెల్లగా బిస్కెట్టు రంగుకి తిరిగితే రొట్టె పెట్టాలి.

"మెల్లగా అంటే ఎంతసేపు?"

"నేను మిమ్మల్ని పిలిచాక మీరు పలికేంతసేపు."

"అయితే చాలాసేపే" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

మర్నాడే నెలాఖరు. తెల్లవారుతుండగా షావుకారు మాట ప్రకారం నడిచి వచ్చాడు. వెనక కట్టెల బండి. బండి మీద అతని కొడుకూ కోడలూ. మేస్త్రి కూతురు చాలా రోజుల తర్వాత ముందు గుమ్మంలోంచి లోపలికి వచ్చి, నేరుగా తల్లి దగ్గరికి వెళ్ళి పిండి తొట్టిలో చెయ్యి పెట్టింది. మేస్త్రి కొడుకు చేతులు కట్టుకుని బట్టీ పక్కన నిలబడ్డాడు. మామూలు పొద్దున అయితే అతను ఆ వేళకి లేచే మనిషి కాదు.

షావుకారు కట్టెలు దించలేదు. బండి దగ్గరే నిలబడ్డాడు. అడగందే దించకూడదని అనుకున్నట్టున్నాడు.

మేస్త్రి వేళ్ళు కప్పే కొత్త తోలు చెప్పులతో పలక ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ చెప్పుల్లో తను పొరుగింటికి వచ్చినట్టుంది. కొడుకు వైపు చూశాడు, వియ్యంకుడి వైపు చూశాడు.

"తప్పు కట్టెలది కాదు. నా కాళ్ళది. వేడి తెలియడం లేదు" అన్నాడు. ఊపిరి తీసుకుని, "దించండి బావగారూ" అన్నాడు.

కొడుకు కట్టుకున్న చేతులు విప్పి బండి వైపు వెళ్ళాడు.

కట్టెలు కాలాయి. నిప్పులు లాగి, లోపల తుడిచారు. మేస్త్రి పిండి చల్లాడు. రాయి మీద పడగానే నల్లబడింది. ఇన్నాళ్ళూ తను రొట్టెలు పెడుతున్నది సరిగ్గా ఈ వేడిలోకే. ఇప్పుడు ఆగాలి. ఆగడమే కష్టంగా ఉంది. చెప్పుల్లో కాళ్ళు ఒక్క చోట నిలవడం లేదు. అది చూసి షావుకారు వంగి తన చెప్పులు విప్పబోయాడు.

"నా కాళ్ళు ఇంకా పలుకుతున్నాయిగా. నేను నిలబడి చెబుతా."

"విప్పకండి" అన్నాడు మేస్త్రి. "ఉన్న కాళ్ళు ఉండనివ్వండి. నర్సమ్మకి తెలిస్తే ఇద్దర్నీ కలిపి దులుపుతుంది."

షావుకారు చెప్పులు మళ్ళీ వేసుకున్నాడు. కాసేపాగి మేస్త్రి మళ్ళీ పిండి చల్లాడు. వెనక నుంచి భార్య "ఏమండీ" అంది. అతను పలకలేదు. రాయి మీద పిండి తెల్లగా ఉంది, పసుపుగా మారింది, అంచుల నుంచి గోధుమరంగు లోపలికి పాకింది.

"ఊఁ" అన్నాడు మేస్త్రి, రొట్టెలు లోపలికి తోసే పొడుగాటి తెడ్డు అందుకుంటూ.

రొట్టెలు బయటికొచ్చాయి. మూలన పెట్టిన ఒకటి కొంచెం మాడింది. మిగిలినవి అడుగు మీద వేలితో కొడితే ఖాళీ డబ్బాలా మోగాయి, సరిగ్గా కాలిన గుర్తు అదే. కొడుకు ఒకదాన్ని తిరగేసి, మరగేసి, వాసన చూసి, ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. నములుతూ దుకాణం ముందు భాగంలోకి వెళ్ళాడు.

"గల్లాలో నేనే కూర్చుంటాలే" అన్నాడు అక్కణ్ణుంచి.

తర్వాతి వారం మేస్త్రి పొట్టు తీయని పిండితో చేసిన రొట్టె ఒకటి కాగితంలో చుట్టుకుని, వేళకంటే ముందే వెళ్ళాడు. ఎవరికెంత ముక్క సరిపోతుందో నర్సమ్మ వాళ్ళచేతే చెప్పించి కోయించింది. హారన్ తాత తన ముక్క పల్చనైందని రెండు వీధులకి వినబడేలా చెప్పాడు. మేస్త్రి ఖాళీ కుర్చీలు చాలా ఉన్నా వెళ్ళి వియ్యంకుడి పక్కనే కూర్చున్నాడు.

మళ్ళీ దారం, అద్దం వచ్చాయి. బొబ్బ మానుతోంది. మేస్త్రి కళ్ళు మూసుకుని కాలు చాపాడు. ఈసారి బాగా మనసు పెట్టాడు. ఊపిరి బిగబట్టి, మడమ దగ్గర ఏ చిన్న కదలికైనా అందుకోవాలని చూశాడు. ఏదో తగిలింది. తగిలినట్టే ఉంది.

"ఆఁ" అన్నాడు గట్టిగా.

"ఇంకా మొదలుపెట్టలేదు బావగారూ" అన్నాడు షావుకారు.