వదిలేసిన దెబ్బ

గోలు స్తంభం దగ్గర మేకు దిగగొట్టి, దానికి కట్టిన తాడు రెండో కొస పట్టుకుని, లక్ష్ముడు సున్నం పోస్తూ వంపుగా నడుస్తున్నాడు. తాడు సడలితే గీత వంకరపోతుంది. అందుకని కాస్త వెనక్కి వాలి, కుడికాలు ఈడుస్తూ నడుస్తాడు. అతని గోళ్ళ సందుల్లోనూ అరచేతుల పగుళ్ళలోనూ తెల్లదనమే. ఛాతీ మధ్య మాత్రం గుండ్రటి నల్లమచ్చ. పడుచు వయసంతా తప్పెటగుళ్ళ జట్టులో ఎగురుతూ వాయించిన రేకు తప్పెట ఒరుసుకున్న చోటది. ఎడమ భుజం పొద్దున్నుంచీ లాగుతోంది. నీళ్ళ పైపు మోసినందుకేననుకున్నాడు.

నరసన్నపేట హైవే పక్కనున్న ఆ మట్టి మైదానాన్ని తడపడం, గీయడం, ఊడవడం అతని పని. ఆట మాత్రం చూడడు. గట్టు మీద కూర్చున్న జనం నోళ్ళు చూస్తాడు. కబడ్డీకి తెరుచుకునే నోళ్ళు హాకీకి ఎందుకు తెరుచుకోవో అతనికి అంతుపట్టదు. ఒకసారి ఉడికించిన వేరుశనక్కాయలమ్మే జగ్గమ్మనే అడిగాడు.

"బంతి బత్తాయికాయంత. ఎటెల్పోనాదో తెలిసీసరికే గోలు అయిపోతాది. మరెప్పుడు అరవాల్రా? ఒక్కదాన్నే అరిస్తే పిచ్చిదనుకోరేటి?" అందామె.

ఆ మాట లక్ష్ముడి బుర్రలో ఉండిపోయింది.

ఆటలు నేర్పే రాజకుమారి టీచరు స్కూటీ దిగి నేరుగా అతని దగ్గరికే వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"మావా, టోర్నమెంటు కమిటీ సెప్పీసింది. ఈ రోజు ఫైనల్‌కి కూడా జనం నోరిప్పకుండా కూకుంటే, వచ్చే ఏడు గ్రౌండు క్రికెట్టోళ్ళకే. మన ఆడపిల్లలు కర్రలు అటకెక్కించుకోవాల్సిందే."

"నిన్న డీజే ఎట్టినారు కదమ్మా."

"ఎట్టినాం. కుర్రోళ్ళంతా ఆటకి వీపులెట్టి డబ్బా ముందర గెంతినారు."

లక్ష్ముడు నవ్వాడు. "డబ్బాకేటి తెలుస్తాది, బంతెక్కడున్నాదో."

"నీ తప్పెట ఉన్నాదా ఇంకా?"

అతను సున్నపు డబ్బా కింద పెట్టాడు. "తప్పెట ఉన్నాది. జట్టే నేదు."

మధ్యాహ్నం గుంటూరు పిల్లలతో ఆట మొదలైంది. లక్ష్ముడు సున్నపు బస్తాల పక్కన, తప్పెట ఛాతీకి కట్టుకుని నిలబడ్డాడు. బంతి మన గోలు ముందుకు వచ్చింది. ఏం కొట్టాలో ఆలోచించేలోపే చేతులు తమకు తెలిసిందే కొట్టేశాయి. అది గంగమ్మ ఘటం ఊరేగేటప్పటి దెబ్బ.

గట్టంతా లేచి నిలబడింది. చెప్పులు విడిచారు. చేతులు జోడించారు. కిక్కురుమనలేదు. మన గోలుకీపరు పిల్ల చెయ్యి కూడా తెలియకుండానే నుదుటికి వెళ్ళింది. బంతి ఆమె కాళ్ళ పక్కనుంచి లోపలికి పోయి గోలు వెనక చెక్కపలకకు తగిలింది. ఠప్!

"ఒరే లక్ష్ముడూ! అమ్మోర్ని గోలుపోస్టులోకి పిలిసినావేట్రా!" జగ్గమ్మ గట్టు మీంచి కేకేసింది.

గట్టు గట్టంతా ఒక్కసారిగా నవ్వింది. రాజకుమారి తల పట్టుకుంది. లక్ష్ముడికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కానీ చూపు మాత్రం జనం మీదే ఉంది. వీళ్ళు విన్నారు. ఏ దెబ్బకు ఏం చెయ్యాలో వీళ్ళకి తెలుసు. మరి నోరు తెరిపించే దెబ్బేది?

జట్టుగా ఆడిన రోజుల్లో, పెద్ద తప్పెటవాడు చివరి దెబ్బ కొట్టకుండా వదిలేసేవాడు. మిగిలినవాళ్ళు పైకెగిరి, "హై!" అని ఆ ఖాళీని నింపేవారు.

మన పిల్లలు బంతిని అవతలి గోలు ముందరి వంపు గీత దాటించగానే లక్ష్ముడు దరువు అందుకున్నాడు. పెంచాడు. ఇంకా పెంచాడు. చివరి దెబ్బ దగ్గర చేతులు గాల్లో ఆపేశాడు.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత గట్టు మూలనుంచి ఒక ముసలి గొంతు, "హై!"

రెండోసారికి సగం గట్టు అందుకుంది. మూడోసారికి, ఆటంటే ఏమిటో తెలియని ఆడవాళ్ళు సైతం బంతి ఎటు పోతోందో మెడలు చాచి చూస్తున్నారు, దరువు ఎప్పుడు మొదలవుతుందో ముందే పసిగట్టాలని. ఆ ఊపులోనే మనవాళ్ళు గోలు కొట్టి సమం చేశారు.

ఆట ముగిసే వేళకి మనకి పెనాల్టీ కార్నర్ దొరికింది. లక్ష్ముడి ఒళ్ళంతా చెమట. భుజం రాయిలా ఉంది. అయినా దరువు ఎత్తుకున్నాడు. చివరి దెబ్బ వదిలేశాడు.

"హై!"

హైవే మీద లారీ డ్రైవర్లు సైతం తలలు తిప్పారు. బంతి పలకకు తగిలిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. గెలిచిన మన పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తున్నారు.

గట్టు ఇంకో దరువు కోసం అతని వైపు తిరిగింది. లక్ష్ముడు సున్నపు బస్తాకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ తప్పెట మీదే ఉన్నాయి. ముఖం జనం వైపే.

"కొట్టు మావా," అంటూ రాజకుమారి నవ్వుతూ వచ్చింది. దగ్గరికి వచ్చి, రెప్ప కొట్టని అతని కళ్ళు చూసి, మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుంది.

జనం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు.

మరుసటి ఏడు కూడా ఆ మైదానంలో హాకీయే ఆడారు. బంతి గీత దాటగానే గట్టు తనంతట తానే చేతులతో దరువేసి, చివర్లో ఆగి, అరిచింది. వలలూ కర్రలూ ఉంచే గదిలో, మేకుకు తప్పెట వేలాడుతోంది. రాజకుమారి దాన్ని ఎవరినీ తుడవనివ్వదు. రేకు మీద తెల్లగా, రెండు సున్నపు అరచేతులు.